డీజిల్‌ను పంపించిన ఇల్లు

డీజిల్‌ను ఇంట్లోంచి పంపించెయ్యమని మొదట అన్నది పాండురంగం సేటు. సరేనన్నది ఇంటిల్లిపాదీ. ఆ ఇంటిల్లిపాదిలో నిరోషా కూడా ఉంది.

తాండూరులో రైలుకట్టకు అవతల, బండలు పాలిష్ చేసే మిషన్లు వరసగా ఉన్న రోడ్డు చివర వాళ్ల ఇల్లు. తండ్రి జంగప్ప ఇరవై రెండేళ్లుగా పాండురంగం సేటు దగ్గరే పని చేస్తున్నాడు. బండలు కొలతకు కోయడం, అంచులు నునుపు చెయ్యడం అతని పని. అన్న ప్రేమ్‌సాగర్ అదే సేటుకు ట్రాలీ ఆటో నడుపుతాడు. కోసిన బండలను మోమిన్‌పేట్, మర్పల్లి, వికారాబాద్ దాకా తీసుకెళ్లి ఇళ్లు కట్టేవాళ్లకు దింపి వస్తాడు. తల్లి శాంతవ్వ ఇంటి దగ్గరే ఉంటుంది. నిరోషా వికారాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. అక్కడే ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గదిలో ఉండి, శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికొచ్చేది.

ఐదేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం జంగప్ప టిఫిన్ డబ్బా సంచిలో కుక్కపిల్లను పెట్టుకొచ్చాడు. మిషన్ దగ్గర జనరేటర్ పక్కన వెచ్చగా ఉంటుందని దూరి పడుకున్నదట. ఒళ్లంతా నల్లటి నూనె మరకలు. రెండుసార్లు సబ్బుతో కడిగాక తెలిసింది, మరకలు పోయినా దాని రంగే నలుపని. "డీజిల్ల ముంచి తీశినట్టున్నది" అన్నది శాంతవ్వ. అదే పేరైపోయింది.

చెవి ఒకటి నిక్కి, ఇంకోటి ఒరిగి ఉండేది. తోక మాత్రం పెద్ద కుక్కది తెచ్చి అతికించినట్టు పొడుగ్గా ఉండేది. తలుపు పక్కన నిలబడి తోక ఆడిస్తే తలుపు చప్పుడు విని ఎవరో వచ్చారనుకుని శాంతవ్వ బయటికొచ్చేది. మూడుసార్లు మోసపోయాక రావడం మానేసింది. నాలుగోసారి నిజంగానే చుట్టాలొచ్చి తలుపు కొట్టి కొట్టి పక్కింట్లో కూర్చున్నారు.

స్నానం అంటే దానికి చావు. బకెట్ చప్పుడు వినబడితే చాలు, మంచం కింద దూరేది. తల దాచుకుంటే ఒళ్లంతా దాగినట్టేనని దాని నమ్మకం. తోక బయటే ఉండేది. "డీజిల్ ఏడ ఉన్నదో ఏమో, కనవడ్తనే లేదు" అని నిరోషా పైకి అంటే, ఆ తోక కొస నెమ్మదిగా కదిలేది. ఆ కదలిక చూసి ప్రేమ్‌సాగర్ నేల మీద పడి నవ్వేవాడు. అప్పుడు ప్రేమ్‌సాగర్‌కు నవ్వు చాలా వచ్చేది.

శాంతవ్వ వాకిట్లో కందులు చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని, చేట పైకి లేస్తే తల పైకి, కిందికి దిగితే తల కిందికి. పది నిమిషాలకు తల తిరిగి పక్కకు ఒరిగిపోయేది. పొద్దున ముగ్గు వేస్తుంటే దూరంగా, బుద్ధిగా కూర్చునేది. చివరి గీత గీసి శాంతవ్వ నడుం ఎత్తగానే పరుగెత్తుకొచ్చి సరిగ్గా నడిమధ్య వెల్లకిలా పడి దొర్లేది. తెల్లబడిన వీపుతో వీధంతా తిరిగి వచ్చేది. శాంతవ్వ తిట్లు వీధి చివరిదాకా వినబడేవి. కానీ పండుగరోజు తప్ప కుక్కను కట్టేసి ముగ్గు వేసింది లేదు.

అన్నిటికంటే పెద్ద వేషం గిన్నెది. దానికొక స్టీలు గిన్నె ఉండేది. ఇంట్లో తినేశాక ఆ గిన్నెను పళ్లతో పట్టుకుని పక్కింటి ఈశ్వరమ్మ గడప ముందు పెట్టి, ఏడుపు మొహంతో కూర్చునేది. ఈశ్వరమ్మ జొన్నరొట్టె ముక్క వేస్తే తిని, మళ్లీ గిన్నె పట్టుకుని ఇంటికొచ్చి శాంతవ్వ ముందు పెట్టి అదే మొహం పెట్టేది. ఇలా ఏడాది నడిచింది. ఒకరోజు ఈశ్వరమ్మ "ఏం శాంతవ్వా, కుక్కకు తిండి పెడ్తలేవా? రోజు గిన్నె పట్కొని మా ఇంటికొస్తున్నది" అని అడిగేదాకా అది రెండు పూటలు కాదు, నాలుగు పూటలు తింటోందని ఎవరికీ తెలియలేదు.

జంగప్ప పని నుంచి వచ్చే వేళకు మలుపు దగ్గర నిలబడేది. అతను రాగానే మీదికి ఎగిరేది కాదు. ముందు అతని ప్యాంటు వాసన చూసి గట్టిగా ఐదారు తుమ్ములు తుమ్మేది. తర్వాత చొక్కా అంచు పట్టుకుని గుంజి గుంజి దులిపేది. బూడిదరంగు పొడి గాలిలో లేచేది. "దులిపినంక గాని ఇంట్లకు రానియ్యదు, మా ఇంటి ఇన్‌స్పెక్టరు" అని జంగప్ప అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

కిందటేడు చలికాలంలో జంగప్పకు దగ్గు పట్టుకుంది. అంతకుముందూ ఉండేది గానీ వచ్చిపోతుండేది. ఈసారి పోలేదు. రొట్టె తింటూ దగ్గేవాడు. మాట్లాడుతూ మధ్యలో ఆగి, చెయ్యెత్తి, ఊపిరి అందాక మిగతా మాట పూర్తి చేసేవాడు. రెండు రోజులు పనికి పోలేదు. మూడో రోజు ఆదివారం. పాండురంగం సేటు స్వయంగా ఇంటికొచ్చాడు, చేతిలో బత్తాయిల సంచితో.

సేటు మంచివాడని పేరు. మెత్తగా మాట్లాడతాడు. పనివాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు తప్పకుండా వస్తాడు. శాంతవ్వ కంగారుగా కుర్చీ తుడిచి వేసింది. డీజిల్ వచ్చి సేటు తెల్లప్యాంటు వాసన చూసింది. తుమ్మలేదు. ఒళ్లో తల పెట్టింది. సేటు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"ఇంట్ల కుక్కను పెట్టుకుంటె దగ్గు రాక ఏమొస్తది జంగప్పా?" అన్నాడు. "దీని బొచ్చు ఊపిరిల పోతది. మా బావమరిదికి సేమ్ గిట్లనే అయింది. కుక్కను పంపిచ్చిండ్రు, నెలకు తక్కువైంది."

"గదేనా సేటు? బండల దుమ్ము గిట్ల ఏమన్న..." అని శాంతవ్వ సణిగింది.

"దుమ్మా?" సేటు నవ్వాడు. "నేను గూడ రోజు ఆడనే ఉంట గద శాంతవ్వా. నాకేమైంది చెప్పు?"

సేటు ఉండేది అద్దాల గదిలో, తలుపులు మూసి. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

అప్పుడు ప్రేమ్‌సాగర్ చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. నువ్వు ల్యాబుల చేస్తవు గదా. కుక్క తోని దగ్గొస్తదా?"

అందరూ ఆమె మొహం చూశారు. సేటు కూడా చూశాడు. నిరోషా చేసేది రక్తం తియ్యడం, మిషన్‌లో పెట్టడం, వచ్చిన అంకెలు కాగితం మీద దించడం. కానీ ఆ ఇంట్లో వైద్యం సంగతి అడగదగ్గ మనిషి ఆమె ఒక్కతే. తెలియదని అనడానికి ఆమెకు సిగ్గేసింది.

"కొందరికి అలర్జీ ఉంటది" అన్నది. "కావొచ్చు."

ఆ ఒక్క మాటతో అయిపోయింది. సేటు టీ తాగి లేచాడు. జంగప్ప కుక్క ఒరిగిన చెవిని వేళ్లతో నిమురుతూ కూర్చున్నాడు.

బంట్వారంలో తన దోస్తుకు చెల్క, అంటే మెట్టపొలం, ఉందని, అక్కడ కావలికి కుక్క కావాలంటున్నాడని ప్రేమ్‌సాగర్ చెప్పాడు. మంగళవారం పొద్దున ఆటోలో బండలు ఎక్కించాక డీజిల్‌ను పిలిచాడు. ఆటో ఎక్కడమంటే దానికి పండుగ. పిలుపు పూర్తికాకముందే ఎగిరి బండల మీద కూర్చుంది. శాంతవ్వ రెండు రొట్టెలు, దాని గిన్నె ఒక సంచిలో పెట్టి కొడుకుకిచ్చింది. "దాని గిన్నెల పెడ్తెనే తింటది, మీ దోస్తుకు చెప్పు" అన్నది. ఆ పూట నిరోషా వికారాబాద్‌లో డ్యూటీలో ఉంది. ఇదంతా తల్లి ఫోన్‌లో చెబితే విన్నది.

ఆ తర్వాత ప్రతి శనివారం ఇంట్లో డీజిల్ కబుర్లు నడిచేవి. ప్రేమ్‌సాగర్ చెప్పేవాడు. చెల్కలో నెమళ్లను తరుముతోందట. దోస్తు కూతురి ముగ్గు పాడుచేసిందట. అక్కడ కూడా మంచం కింద దూరి తోక బయట పెడుతోందట. జంగప్ప పడుకున్న చోటి నుంచి "ఇంక? ఇంకేమన్నడు?" అని అడిగేవాడు. శాంతవ్వ కళ్లు తుడుచుకుని నవ్వేది. ఒకసారి చూసి వద్దామని నిరోషా అంటే, "ఇప్పుడిప్పుడే అలవాటు పడ్తున్నది, మిమ్ముల సూస్తె మల్ల పరేషాన్ అయితది" అనేవాడు.

నెల గడిచింది. దగ్గు తగ్గలేదు. రెండో నెలలో జంగప్ప నాలుగు అడుగులు వేసి గోడ పట్టుకోవడం మొదలైంది. ఇంట్లో కుక్క వెంట్రుక ఒక్కటి లేకుండా శాంతవ్వ దుప్పట్లన్నీ ఉడకబెట్టి ఉతికింది. అయినా తగ్గలేదు. మధ్యమధ్యలో పనికి కూడా పోతూనే ఉన్నాడు.

మూడో నెలలో నిరోషా తండ్రిని రైల్లో వికారాబాద్ తీసుకెళ్లింది. తమ ల్యాబు పక్కనే ఎక్స్‌రే తీయించి, ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నడివయసు డాక్టరమ్మ. ఎక్స్‌రేను వెలుగుకు ఎత్తి చూసి, రోగం గురించి కాకుండా పని గురించి అడిగింది.

"బండల పని మేడం" అన్నాడు జంగప్ప.

"కోసేదా, మోసేదా?"

"కోసుడు, అంచులు రుద్దుడు."

"ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు."

డాక్టరమ్మ తలూపింది. నిరోషాకు ఎక్స్‌రేలో తెల్లటి చుక్కలు చూపించింది. రెండు వైపులా, చిలకరించినట్టు.

"ఇంట్లో కుక్క ఉండేది మేడం" అన్నది నిరోషా. "మూడు నెలల కింద పంపించేశాం. దాని బొచ్చు వల్లేమో అని..."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది. "కుక్కకూ దీనికీ ఏం సంబంధమమ్మా? ఇది రాతిపొడి. ఏళ్ల తరబడి లోపలికి పోయి గడ్డకట్టింది. పోగొట్టే మందు లేదు. ఇంక పొడి పీల్చకుండా ఉంటే ఎక్కువ కాకుండా కొన్నాళ్లు ఆపొచ్చు. పని ఇవాళే మానెయ్యాలి."

తెర వెనక జంగప్ప చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అన్నీ విన్నాడు. బయటికొచ్చి "పోదామా బిడ్డా, రైలు టైమైతది" అన్నాడు.

తండ్రిని రైలెక్కించి నిరోషా ప్లాట్‌ఫాం మీద నుంచే అన్నకు ఫోన్ చేసింది. ఆమెకు భయం కంటే ముందు ఒక్కటే తోచింది. డీజిల్‌ను తెచ్చుకోవాలి.

"అన్నా, మీ దోస్తు నంబరియ్యి. ఆదివారం బంట్వారం పోయి డీజిల్‌ను తీస్కొస్త."

"ఇప్పుడెందుకే గదంత?"

"నాయినకు కుక్కతోని ఏం కాలేదట. నంబరియ్యి."

నంబరు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం ప్రేమ్‌సాగరే ల్యాబుకొచ్చాడు. ఆటో రోడ్డు పక్కన ఆపి, మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు తాళం చెవితో నేల గీకుతూ ఉండిపోయాడు.

"బంట్వారంల ఎవ్వరు లేరు" అన్నాడు.

"అంటె?"

"దోస్తు ఒద్దన్నడు. అప్పటికే ఆటోల ఎక్కిచ్చుకున్న. బండలు మర్పల్లిల దింపాలె, సేటు ఫోన్ మీద ఫోన్ జేస్తుండు. ఇంటికి వాపస్ తెస్తె నాయిన దగ్గు... మోమిన్‌పేట్ కాడ ఇడిశిపెట్టిన."

"ఎట్ల ఇడిశినవ్?"

"గిన్నెల రొట్టె ఏశిన. తింటుంటె బండి తీశిన."

"నెమళ్లు? మంచం కింద తోక? గవన్ని?"

"నాయిన అడుగుతుంటె ఏం జెప్పాలె? ఎర్కున్నయే తిప్పి తిప్పి చెప్పిన."

"తర్వాత మల్ల సూడలేదా దాన్ని?"

"ఒకసారి" అన్నాడు. "వారం అయినంక గా తొవ్వల వోయిన. నా బండి గుర్తుపట్టింది. ఎంట ఉరికింది. పెట్రోల్ బంకు దాంక ఉరికింది. అద్దంల కనవడ్తనే ఉన్నది."

"ఆపలేదా?"

"ఆపితె ఎక్కుతది గదనే."

ఆ తర్వాత అతను ఏడ్చాడు. నిరోషా పక్కన కూర్చోలేదు, భుజం మీద చెయ్యి వెయ్యలేదు. లోపల ఎవరో రక్తం ఇవ్వడానికొచ్చి పిలుస్తున్నారని చెప్పి వెళ్లిపోయింది. ఎవరూ పిలవలేదు.

ఆదివారం బస్సెక్కి మోమిన్‌పేట్ వెళ్లింది. ఫోన్‌లో డీజిల్ ఫోటో ఉంది, ముగ్గుపిండి వీపుతో తీసింది. బస్సులు ఆగేచోట నలుగురికి చూపించింది. ఒకతను తెలియదన్నాడు. పండ్ల బండి ఆమె చూడకుండానే తల అడ్డంగా ఊపింది. రోడ్డు పక్క రేకుల కింద టీ హోటల్ నడిపే భాగమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అయ్యో, గిది మా గిన్నె గదా!" అన్నది.

"గిన్నెనా?"

"మేమట్లనే పిలిశేది. ఏడికెళ్లొచ్చిందో స్టీలు గిన్నె పట్కొనొచ్చింది. ఎవరన్న టీ తాగుతుంటె ముంగట గిన్నె పెట్టి, ఏడుపు మొకం పెడ్తుండె. బిస్కెట్ కింద ఏస్తె ముట్టకపోవు. గిన్నెల ఏస్తెనే తింటుండె. ఒకరు ఏశినంక ఇంకొకరి ముంగట పెడ్తుండె. మస్తు నవ్విచ్చేది. దాన్ని సూస్తందుకే కొందరు బండ్లు ఆపేది." భాగమ్మ చెబుతూ చెబుతూ నవ్వి, ఆగింది. "మంచిగనే ఉండె. ఒక్కటే రోగం దానికి. ట్రాలీ ఆటో కనవడ్తె ఉరికేది. ప్రతి ఆటో కాడికి వోయి చక్రం వాసన సూశి వాపసొచ్చేది. నేను ఎన్నిసార్లు పిలిశినా ఇనకపోవు. ఇరువై రోజులో, ఇరువై రెండో... ఒకనాడు ఆగని ఆటోకు ఎదురువోయింది."

నిరోషా బల్ల అంచు పట్టుకుంది.

"ఎక్కువసేపు ఏం బాధపడలే" అన్నది భాగమ్మ. "నేనే ఎనుక తుమ్మకంప కాడ గుంత తవ్విచ్చిన." తర్వాత అడిగింది, "మీదేనా అమ్మా?"

"మాదే."

"తప్పిపోయిందా?"

అవునంటే సరిపోయేది. నిరోషాకు ఆ మాట గొంతు దాకా వచ్చింది. "లేదు" అన్నది. "మేమే ఇడిశిపెట్టినం."

భాగమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. పొయ్యి పక్కన సామాన్ల మధ్యలోంచి గిన్నె వెతికి తీసి, బల్ల మీద పెట్టి, ఇంకో మనిషికి టీ పొయ్యడానికి అటు తిరిగింది.

సాయంత్రానికి నిరోషా తాండూరు చేరింది. శాంతవ్వ పొయ్యి దగ్గరుంది. జంగప్ప మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. నిరోషా గిన్నె తీసి మంచం మీద పెట్టింది. శాంతవ్వ చూసి "డీజిల్ ఏదే?" అంటూ వాకిలి వైపు నడిచింది, కుక్క వెనక వస్తోందేమోనని. వాకిట్లో ఎవరూ లేరు.

నిరోషా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. డాక్టరమ్మ చెప్పింది, ప్రేమ్‌సాగర్ చేసింది, భాగమ్మ చూసింది. ఏదీ మెత్తగా చెప్పలేదు. చెబుతున్నకొద్దీ కోపం పెరిగింది.

"సేటు అబద్ధమాడిండు నాయినా. దుమ్ము సంగతి ఆయనకు ఎర్కె. ఎర్కుండి కుక్క మీద పెట్టిండు."

జంగప్ప గిన్నె అంచు మీది పళ్ల గాట్లు చూస్తున్నాడు.

"నాకు గూడ ఎర్కె బిడ్డా" అన్నాడు.

"ఏం ఎర్క?"

"నాతోటి మిషన్ల చేశినోళ్లు ఇద్దరు గిట్లనే దగ్గి దగ్గి పోయిండ్రు. వాళ్ల ఇండ్లల్ల కుక్కలు లెవ్వు."

శాంతవ్వ గడపలోనే నిలబడిపోయింది. నిరోషాకు తాను విన్నది నిజమేనా అనిపించింది.

"మరెందుకు పంపిచ్చినవ్?"

జంగప్పకు దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఇద్దరూ కదలకుండా చూశారు. కళ్లలో నీళ్లు తుడుచుకుని, ఆగి ఆగి చెప్పాడు.

"కుక్కది కాదంటె మిషన్‌ది అనాలె. మిషన్‌ది అంటె పని ఇడిశిపెట్టాలె. ఇంకో పని నాకేం వస్తది? కుక్కతోనే అంటె... కుక్క పోతె సాలు అనుకున్న. సేటు అట్ల అన్ననాడు నాకు పానం తేలికైనట్టే అయింది. ఏమో, నిజమే ఉండొచ్చు అనుకున్న. నువ్వు గూడ కావొచ్చన్నవు గదా."

అతను తప్పుపట్టి అనలేదు. మామూలుగానే అన్నాడు.

ఆ మాటల తర్వాత శాంతవ్వ భర్తతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున జంగప్ప లేచి, పని చొక్కా తొడుక్కుని, పొయ్యి గట్టు మీద టిఫిన్ డబ్బా కోసం చూశాడు. డబ్బా బోర్లించి ఉంది.

"రొట్టె చెయ్యలేదా?"

శాంతవ్వ వినబడనట్టు ఊడ్చుకుంటోంది.

"డాక్టరు వద్దన్నది నాయినా" అన్నది నిరోషా. "ఇయ్యాల్నె మానెయ్యమన్నది."

"మానేస్త. గీ నెల పోనీ."

ఖాళీ చేతులతో బయల్దేరాడు. మలుపు దాకా రెండు వందల అడుగులు కూడా ఉండవు. మూడుసార్లు ఆగాడు. మూడోసారి కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నిరోషా గుమ్మంలోంచి చూసింది. పరుగెత్తి వెళ్లి వెనక్కి లాక్కురావచ్చు. వెళ్లలేదు. అతను మలుపు తిరిగాక సంచి భుజాన వేసుకుని స్టేషన్‌కు పోయింది.

ఆ నెల తర్వాత ఇంకో నెల అన్నాడు. అట్లా ఐదు నెలలు పనికి పోయాడు. సేటు అతన్ని కోతపని నుంచి తీసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. అదే దుమ్ములో. అందరూ సేటుది పెద్ద మనసన్నారు. ఆరో నెలలో కుర్చీలోంచి లేవలేకపోతే ప్రేమ్‌సాగర్ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. సేటు ఒకసారి ఫోన్ చేసి ఎట్లున్నదని అడిగాడు. ప్రేమ్‌సాగర్ ఇంకా అక్కడే నడుపుతున్నాడు. నిరోషా అతనితో అవసరమైనంత వరకే మాట్లాడుతుంది. రాఖీకి డ్యూటీ ఉందని చెప్పి రాలేదు.

చివరి రోజుల్లో సెలవు పెట్టి నిరోషా ఇంట్లోనే ఉంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పగలూ రాత్రీ గురగురమంటూ ఉండేది. ఒక మధ్యాహ్నం జంగప్ప కళ్లు తెరిచి, ముక్కు గొట్టం సర్దుకుని, కూతురిని దగ్గరికి రమ్మన్నాడు.

"డీజిల్ ముచ్చట ఏదన్న చెప్పు బిడ్డా."

నిరోషా అతని మొహం చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్లలో ఆశ ఉంది. ప్రేమ్‌సాగర్ శనివారాలు చెబుతుంటే "ఇంక? ఇంకేమన్నడు?" అని అడిగినప్పటి ఆశే. ఆమెకు ఎన్నో గుర్తున్నాయి. ఒక్కటి చెబితే చాలు, అతను నవ్వుతాడు. అతను నవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"నాకేం యాదికొస్తలేవు నాయినా" అన్నది.

జంగప్ప కళ్లు దించుకున్నాడు. కాసేపటికి వెనక నుంచి శాంతవ్వ గొంతు వినబడింది. ఇన్ని నెలల్లో భర్తకు వినబడేలా ఆమె పలికిన మొదటి మాటలు అవి.

"పగటీలి నేను జర నడుం వాలుస్తుంటి గదా" అన్నది, ఎవరితోనూ కాకుండా గోడతో చెప్పినట్టు. "ఉల్లిగడ్డల బండి అతను కేకేస్తె నాకు ఇనవడకపోవు. గిది పోయి ఆ బండి చక్రం ముంగట పండుకునేది. నేను లేశొచ్చేదాంక లెవ్వకపోవు. గా అతనేమో నేనే ఆపుమన్ననని నిలవడుతుండె. నిలవడ్డంక ఒద్దని ఎట్ల అనాలె? నిరుడు మనింట్ల ఉల్లిగడ్డలు మురిగి మురిగి పోయినయి సూడు, గది అందుకే."

ఈ ముచ్చట నిరోషాకు తెలియదు. ఆ మధ్యాహ్నాల్లో ఇంట్లో ఆ ఇద్దరే ఉండేవారు. తల్లి ఇన్నాళ్లూ దాన్ని తనకోసమే దాచుకుంది.

జంగప్ప నవ్వాడు. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. మరుక్షణం నవ్వు దగ్గయింది. నిరోషా లేచి అతన్ని కూర్చోబెట్టి, వీపు పట్టుకుంది. చేతి కింద ఎముకలు ఒక్కొక్కటీ తగిలాయి. చాలాసేపటికి ఊపిరి అందింది.

"ఇంక?" అన్నాడు భార్య వైపు తిరిగి. "మల్ల ఏం జేశింది?"

శాంతవ్వ కూతురి మొహం చూసింది. నిరోషా మందు సీసా మూత తిప్పుతోంది.

"మందు టైమైంది" అన్నది. "నోరు తెరువు."

అతను తెరిచాడు. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. నీళ్లు అడిగాడు, దిండు సర్దమన్నాడు, ప్రేమ్‌సాగర్ వచ్చాడా అని అడిగాడు. డీజిల్ ముచ్చట మళ్లీ అడగలేదు.